కేకు లోపల పచ్చగా లేదు

పదకొండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని లేచి వచ్చి ఇది టైప్ చేస్తున్నా. ఈయన ఎప్పుడో గురక మొదలెట్టాడు. రెండు ముక్కలు లాగించిన మనిషికి నిద్ర పట్టక ఏం చేస్తుంది!

సాయంత్రం వదిన వచ్చింది. ఒక చేతిలో నా పుస్తకం, ఇంకో చేతిలో కేకు. పాలు, గుడ్లు, నట్స్ అలర్జీ ఉన్న మా చిన్నాడి కోసం నేను చూసి వండే వీగన్ (పాలు, గుడ్లు, మాంసం, చేపలు లేని) వంటల పుస్తకం. అట్ట ఊడిపోయి టేపుల మీద బతుకుతున్నదే. "చిన్నాడు మా ఇంటికొస్తే వాడికేం పెట్టాలో తెలీడం లేదమ్మా" అంటే కరిగిపోయి రెండు నెలల కింద నేనే ఇచ్చాను. ఆ మాట మా వైపు మనుషులు అడగడం అదే మొదటిసారి మరి.

కేకు చూడ్డానికి మాత్రం నాకు జన్మలో రానంత బాగా పొంగింది. ముందు వాడికే పెట్టింది. వాడు ఫోర్కుతో ముక్క విరిచి, లోపలికి తొంగి చూసి, నోట్లో పెట్టుకోకుండా ప్లేటు నా వైపు తోశాడు.

"అమ్మా, ఇది తెల్లగా ఉందేంటి?"

మా ఇంట్లో ఆ కేకు లోపల ఆకుపచ్చగా ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజల్లో క్లోరోజెనిక్ ఆసిడ్ అని ఒకటుంది, వంటసోడా తగిలితే అది పచ్చబడుతుంది. పొయ్యిలోంచి తీసినప్పుడు మామూలుగానే ఉంటుంది, చల్లారే కొద్దీ రంగెక్కి, తెల్లారేసరికి నాచు పట్టిన గోడలా తయారవుతుంది. మొదటిసారి చేసినప్పుడు బూజనుకుని మొత్తం చెత్తబుట్టలో వేశాను. తర్వాత చూస్తే పుస్తకంలో ఆ వంట పేరు కిందే రాసుంది, "పచ్చబడితే కంగారు పడకండి" అని. ఇప్పుడు వాడికి ఆ పచ్చే గుర్తు. పచ్చగా ఉంటే తినొచ్చు.

వదినకి అదే గర్వం. "నాది పచ్చబడలేదు, చూశావా?"

"గింజల బదులు ఏం వేశావు వదినా?"

"జీడిపప్పు నానబెట్టి మెత్తగా రుబ్బాను. నట్స్ వద్దన్నావుగా, బాదం, వాల్‌నట్ ముట్టుకోలేదు. జీడిపప్పు పప్పే కదమ్మా!"

దీనికి ఏం చెప్పాలి? పేరులోనే పప్పు ఉంది. వేరుశనగకేమో ఇంగ్లీషు పేరులో నట్ ఉంది, అదేమో శనగల చుట్టం. భాషలు కూడా మా మీద పగబట్టాయి.

పెద్దది పాపం సాయం చేద్దామని శానిటైజర్ తెచ్చి వాడి చేతులకి రాయబోయింది. దాని మీద అరిచాను. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందేమో గానీ చేతికంటిన జీడిపప్పుని తీసెయ్యదు, సబ్బూ నీళ్ళే కావాలి. ఈ సంగతి దానికి పదిసార్లు చెప్పాను. పదకొండోసారి మామూలుగా చెప్పి ఉండాల్సింది, అరిచాను. వదిన ముఖం చిన్నబోయింది. "వీగనే కదా అనుకున్నాను" అని రెండుసార్లు అంది. మూడోసారి నాకు వినాలనిపించక కిచెన్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

నన్ను తినేస్తున్నది ఆ "వీగనే కదా". అలర్జీ ఎక్కువగా తెప్పించేవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ, వేరుశనగ, నట్స్, గోధుమ, సోయా, నువ్వులు. వీగన్ అనగానే మొదటి నాలుగూ పోతాయి. మిగిలిన ఐదూ పోకపోగా, ఆ వంటలు నిలబడేదే వాటి మీద. చీజ్ కావాలంటే జీడిపప్పు, మాంసం కావాలంటే సోయా లేదా గోధుమలోంచి తీసిన గ్లూటెన్, సాస్ చిక్కబడాలంటే నువ్వుల ముద్ద. ప్యాకెట్ మీద వీగన్ అని ఉన్నా, అదే మెషీన్లో ముందు పాల చాక్లెట్ తయారై ఉండొచ్చు. ఆ ముద్ర తినకూడదనుకునే వాళ్ళ కోసం వేసింది, తింటే ప్రాణం మీదకొచ్చే వాళ్ళ కోసం కాదు. ఇదంతా వదినతో అనాల్సింది. గిన్నెలకి చెప్పుకున్నాను.

ఇక్కడిదాకా కోపంగానే టైప్ చేశాను. పుస్తకం ఇంకెవరికీ ఇవ్వనని ఒక పేరా కూడా రాశాను. ఇప్పుడు దాన్ని చెరిపేశాను.

ఎందుకంటే వాడికి ఏడాదిన్నరప్పుడు నేనేం చేశానో గుర్తొచ్చింది. పాలు, గుడ్లు పడవని అప్పుడే తేలింది. ఈ పుస్తకం ఇంకా మా ఇంటికి రాలేదు. పెద్ద పెద్ద ఫోటోలున్న వేరే వీగన్ పుస్తకం ఒకటి కొని, హమ్మయ్య, ఇక కళ్ళు మూసుకుని ఏ పేజీ అయినా చెయ్యొచ్చు అనుకున్నాను. మొదట చేసింది పాస్తాలోకి తెల్ల సాస్. పాలు లేకుండా అంత కమ్మగా ఎలా వచ్చిందా అని నేనే మురిసిపోయి, వాడికి చెంచాతో పెట్టాను. మూడో చెంచాకి పెదవి ఒక పక్కకి ఉబ్బింది. చెవి వెనక దద్దుర్లు. తర్వాత కారు, ఈయన వణికే చేతులు, వాడి నోటి నుంచి వస్తున్న ఆ ఈల లాంటి చప్పుడు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "సాస్‌లో ఏం వేశారమ్మా?" జీడిపప్పు అని చెప్పాను. చెబుతూ, "కానీ వీగనేనండీ" అన్నాను.

నేనే అన్నాను ఆ మాట. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ఓపిగ్గా చెప్పాడు, జీడిపప్పు పడకపోతే పిస్తా కూడా పడకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబం అని.

ఇందాక లేచింది అసలు పుస్తకం చూద్దామని. ఆ పేజీ తెరిచాను. పైన ఎప్పటిలా చిన్న గళ్ళు, ఆ వంటలో అలర్జీ తెప్పించేవాటిలో ఏవి లేవో టిక్కులు పెట్టి. ఈ పుస్తకం మీద నా ప్రేమంతా ఆ గళ్ళ మీదే. ఒక మూల అవిసె గింజల పొడి చెంచాడు, నీళ్ళు మూడు చెంచాలు అని వాడి వంకర అక్షరాలు. ఒక గుడ్డు బదులు కలిపే ఆ ముద్ద డిపార్ట్‌మెంట్ వాడిదే, అది జిగురు సాగేదాకా స్టూలెక్కి తిప్పుతూనే ఉంటాడు. పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: నట్స్ పడేవాళ్ళు గింజల బదులు జీడిపప్పు వాడుకోవచ్చు.

దాని మీద పెన్సిల్ గీత. నేను గీసిందే, ఎన్నేళ్ళ కిందో. ఎంత సన్నగా గీశానంటే అది కొట్టివేతలా లేదు, ముఖ్యమైన లైను కింద గీతలా ఉంది.

వదినకి మెసేజ్ టైప్ చేశాను. "కేకు చాలా బాగుంది" అని రాసి చెరిపాను, నేను తిన్లేదుగా. "సారీ వదినా" అని రాసి, ఈ టైమ్‌లో చూస్తే టెన్షన్ పడుతుందని అదీ చెరిపాను. పొద్దున్నే ఫోనే చేస్తాను.

తర్వాత నల్ల పెన్ను తీసుకుని ఆ లైను అక్షరం కనపడకుండా దిద్దాను. గట్టిగా దిద్దినట్టున్నాను, ఇంకు వెనక పేజీకి దిగింది. సరిగ్గా మఫిన్లకి బేకింగ్ పౌడర్ ఎంతో రాసిన చోట. ఒకటిన్నర టీస్పూన్లు అనుకుంటా. పెద్దదాన్ని అడగాలి.