సోమా ఆడని ఏళ్లు

మంగళవారం. పొద్దున లేచేసరికి గుబార్, దుమ్ము తుఫాను. ఎదురింటి మేడ కూడా కనబడటం లేదు. కువైట్‌లో నేను డ్రైవర్‌గా ఉన్న ఇంటి పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చి బండి కడిగాను. అది ఆరేలోపే అద్దాల మీద మళ్లీ దుమ్ము. పదకొండింటికి మామాను, అంటే ఇంటి యజమానురాలిని, జమియా సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్లాను. నీళ్ల కేసులు, పాలు, ఖుబ్బూస్ రొట్టెలు, పెద్ద బియ్యం మూట. మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు పడుకున్నాక నా గదిలో పప్పు వేడి చేసుకుని తిన్నాను. రాయచోటి నుంచి ఫోన్. పాప స్కూల్ ఫీజు కట్టేశానని చెప్పింది మా ఆవిడ, గొంతులో టెన్షన్ కాస్త తగ్గింది.

సాయంత్రం చిన్నబ్బాయిని ఫుట్‌బాల్ కోచింగ్‌కి తీసుకెళ్తుంటే, వెనక సీట్లోంచి ఫోన్ ముందుకు చాపాడు. "షూఫ్, ఇతను మన ఖాదిసియాకి ఆడాడంట, నీకు తెలుసా?" ఖాదిసియా అంటే ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్. ఏదో రీల్. 2017 అక్టోబర్ 10, సిడ్నీ, వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ ప్లేఆఫ్ రెండో మ్యాచ్, ఆస్ట్రేలియా మీద సిరియా. ఎక్స్‌ట్రా టైమ్ చివరి నిమిషం. సిరియా స్ట్రైకర్ ఒమర్ అల్ సోమా ఫ్రీ కిక్ కొట్టాడు, బంతి పోస్టుకి తగిలి బయటికి పోయింది. ఒక్క అంగుళంలో వరల్డ్ కప్ పోయిందని కింద రాసి ఉంది. పిల్లాడు దాన్ని మళ్లీ మళ్లీ వేసి చూస్తున్నాడు.

నాకు తెలుసని చెప్పాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంకో మాట కూడా చెప్పాను. అది గోల్ అయినా సిరియా నేరుగా వరల్డ్ కప్‌కి పోయేది కాదు. రెండు మ్యాచ్‌ల స్కోరు కలిపి సమమయ్యేది, అప్పుడు అవతలి గడ్డ మీద కొట్టిన గోల్స్ లెక్కలో ఆస్ట్రేలియాని దాటి, హోండురస్‌తో ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడే హక్కు దొరికేది, అంతే. వాడికి ఆ లెక్క నచ్చలేదు. దిగి గ్రౌండ్‌లోకి పరుగెత్తాడు.

కోచింగ్ అయ్యేదాకా డ్రైవర్లం బండ్లు వరుసగా పెట్టుకుని బయటే ఉంటాం. ఇద్దరు మలయాళీలు, ఒక శ్రీలంక అతను, నేను. వాళ్లు దుమ్ముకి తలుపులేసుకుని నిద్రపోయారు. నాకు మాత్రం ఆ అంగుళం మాట మనసులోంచి పోలేదు. సోమా గురించి ఎవరు చెప్పినా ఆ పోస్టు దగ్గరే మొదలుపెడతారు, అక్కడే ఆపేస్తారు. అతను పోగొట్టుకున్నది చాలా పెద్దది. అది ఆ ఫ్రీ కిక్ కంటే ముందే పోయింది.

నేను కువైట్ వచ్చిన కొత్తలో పక్కింటి మలయాళీ డ్రైవర్లు నన్ను హవల్లీలో మహమ్మద్ అల్ హమద్ స్టేడియంకి లాక్కెళ్లారు. అది ఖాదిసియా సొంత గ్రౌండ్. మా ఊళ్లో మాకు తెలిసింది క్రికెట్టే. ఫుట్‌బాల్ చూడటం నాకు నేర్పింది వాళ్లే. పసుపు చొక్కాలో ఆరడుగులు దాటిన కుర్రాడు, తల ఎత్తితే బంతి తనే వెతుక్కుంటూ వచ్చినట్టుండేది. డిఫెండర్ల మీద ఎగిరి హెడర్ కొడుతుంటే స్టాండ్ మొత్తం లేచి నిలబడేది. అతనే సోమా. 1989లో దెయిర్ ఎజ్జోర్‌లో పుట్టాడు. యూఫ్రటీస్ ఒడ్డున, సిరియా తూర్పున ఉన్న ఊరు అది. అక్కడి క్లబ్ అల్ ఫుతువ్వాలో పెరిగాడు. 2011లో ప్రభుత్వం మీద తిరుగుబాటుతో దేశం రగులుకుంటున్నప్పుడు కువైట్ వచ్చి ఖాదిసియాలో చేరాడు.

2012 డిసెంబర్‌లో వెస్ట్ ఏషియా టోర్నమెంట్ ఇక్కడే, కువైట్‌లోనే జరిగింది. సిరియా ఫైనల్లో ఇరాక్‌ని 1-0తో ఓడించి కప్పు గెలిచింది. ఆ టోర్నమెంట్‌లోనే సోమా అభిమానుల మధ్య తిరుగుబాటుదారుల జెండా పట్టుకున్నాడు. ఆకుపచ్చ, తెలుపు, నలుపు పట్టీలు, మధ్యలో మూడు ఎర్ర నక్షత్రాలు. ఆటగాడు జాతీయ జట్టు చొక్కాలో ఉండి ఆ జెండా పట్టుకోవడమంటే ఏమిటో గల్ఫ్‌లో బతికే ఎవరికైనా వివరించి చెప్పక్కర్లేదు. ఇక్కడ మేం ఇఖామా, అంటే ఉండటానికిచ్చే పర్మిట్, రెన్యువల్ ఆలస్యమైతేనే వణికిపోతాం. ఆ తర్వాత 2017 దాకా అతను సిరియాకి ఆడలేదు.

అప్పుడతనికి 23 ఏళ్లు. తిరిగొచ్చేసరికి 28. స్ట్రైకర్‌కి కాళ్లలో బలం, గోల్ ముందు తెలివి రెండూ కలిసి ఉండే వయసు అదే. ఆ వయసులో అతను ఏం చేశాడో ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రీల్‌లో ఇదేమీ లేదు.

2014లో జెద్దా వెళ్లి అల్ అహ్లీలో చేరాడు. మొదటి సీజన్‌లో లీగ్‌లో 22 గోల్స్, సౌదీలో అందరికంటే ఎక్కువ. ఆ ఏడు అహ్లీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు, అయినా రెండో స్థానమే వచ్చింది. టైటిల్ అల్ నస్ర్ పట్టుకుపోయింది. ఒక్కటీ ఓడకుండా కప్పు పోగొట్టుకోవడం ఎంత బాధో! మరుసటి సీజన్ 27 గోల్స్, మళ్లీ టాప్ స్కోరర్. 1984 తర్వాత మొదటిసారి అహ్లీ లీగ్ గెలిచింది. 32 ఏళ్ల ఎదురుచూపు. అల్ హిలాల్‌ని 3-1తో ఓడించి టైటిల్ ఖాయం చేసుకున్న రాత్రి జెద్దాలో పనిచేసే మా బావమరిది వీడియో పంపాడు. రోడ్డంతా ఆకుపచ్చ జెండాలు, హారన్లు, బండి కదిలే దారే లేదు. ఆ ఏడాదే కింగ్స్ కప్ కూడా వాళ్లదే. మూడో సీజన్ 24 గోల్స్, వరుసగా మూడోసారి టాప్ స్కోరర్. అక్కడివాళ్లు అతన్ని అల్ అఖీద్ అంటారు, కల్నల్ అని. మూడు సీజన్లు కలిపితే 73 లీగ్ గోల్స్. ఆ మూడు సీజన్లలోనూ సిరియా జట్టులో అతను లేడు.

ఇంకొకటి. కువైట్‌లో ఉన్నప్పుడే ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వెళ్లే అవకాశం వచ్చింది. అప్పుడా క్లబ్ యజమాని కువైటీయే. వర్క్ పర్మిట్ రాలేదు. ఆ రోజుల్లో అక్కడి నిబంధన ప్రకారం బయటి ఆటగాడు తన దేశానికి ఎక్కువ మ్యాచ్‌లు ఆడి ఉండాలి, ఆ దేశం ర్యాంకింగ్‌లో పైన ఉండాలి. యుద్ధంలో ఉన్న దేశం నుంచి వచ్చినవాడు ఆ కాగితాలు ఎక్కడినుంచి తెస్తాడు? వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరిగిన నాకు ఈ సంగతి చదివితే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అతనొక్కడే కాదు. హొమ్స్ నుంచి వచ్చిన ఫిరాస్ అల్ ఖతీబ్, ఇక్కడి క్లబ్బుల్లో ఏళ్ల తరబడి గోల్స్ కొట్టిన పెద్ద స్ట్రైకర్, 2012లోనే తన జనం మీద ఫిరంగులు పేలుతున్నంత కాలం జాతీయ జట్టుకి ఆడనని చెప్పేశాడు. అతనూ 2017లో తిరిగొచ్చాడు. అంటే ఆ తరంలో సిరియాకున్న ఇద్దరు మంచి స్ట్రైకర్లు ఏళ్లపాటు బయట కూర్చున్నారు. అది కూడా ఆ వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో, సొంతగడ్డ మీద ఆడే వీలులేక మలేషియాలోని మలక్కాలో "హోమ్" మ్యాచ్‌లు ఆడుతున్న జట్టుకి. 2016లో సోమా ఆ జట్టులో ఉండుంటే ఆస్ట్రేలియాతో ప్లేఆఫ్ దాకా వచ్చే అవసరం ఉండేదా? నాకైతే ఉండేది కాదనే అనిపిస్తుంది.

టైమ్ ఉందని మా చుట్టుపక్కల ఉన్న సలూన్‌కి నడిచి వెళ్లాను. అక్కడ జుట్టు కత్తిరించే అతను దెయిర్ ఎజ్జోర్ మనిషే. "అహ్లన్ సదీక్" అంటూ కుర్చీ దులిపాడు. రీల్ సంగతి చెప్పాను. కత్తెర ఆపి, పోస్టు గురించి నాకు చెప్పకు, టెహ్రాన్ గురించి అడుగు అన్నాడు.

టెహ్రాన్ మ్యాచ్ 2017 సెప్టెంబర్ 5. ఆజాది స్టేడియం. ఆ క్వాలిఫయింగ్ రౌండ్‌లో అప్పటిదాకా ఇరాన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. సిరియా మొదట కొట్టింది. సర్దార్ అజ్మూన్ రెండు కొట్టి 2-1 చేశాడు. 90 నిమిషాలు దాటాయి. 93వ నిమిషంలో సోమా బంతి అందుకుని గోల్‌కీపర్ కాళ్ల మధ్యనుంచి లోపలికి పంపాడు. 2-2. ఆ ఒక్క పాయింటుతో ఉజ్బెకిస్తాన్‌తో సమానంగా 13 పాయింట్లు, గోల్స్ తేడాతో మూడో స్థానం, ప్లేఆఫ్. సిరియా టీవీ వ్యాఖ్యాత వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు నేను ఎన్నిసార్లు విన్నానో. అరబ్బీ సగమే అర్థమైనా గొంతు మొత్తం అర్థమవుతుంది.

సలూన్ అతను చెప్పిన సంగతి నాకు ముందు తెలియదు. అదే రోజు దెయిర్ ఎజ్జోర్ ముట్టడి వీడింది. ఐసిస్ దాదాపు మూడేళ్లు చుట్టుముట్టి ఉంచిన ఊరి భాగానికి ప్రభుత్వ సైన్యం సరిగ్గా సెప్టెంబర్ 5నే దారి తెరిచింది. అతని పిన్ని కుటుంబం లోపలే ఉండేది. పొద్దున ఆ వార్త, రాత్రి ఆ ఊరి కుర్రాడి గోల్. అయితే ముట్టడిని విడిపించిన సైన్యం ఏ సైన్యం? ఈ సలూన్ అతను ఏ సైన్యానికి భయపడి దేశం వదిలాడో అదే. "సంతోషించాలా వద్దా నాకే తెలియలేదు, కానీ గోల్‌కి మాత్రం అరిచాను" అన్నాడు.

తర్వాత వాదన మొదలైంది. సోమా తిరిగి వెళ్లడం తప్పని అతను అంటాడు. ప్రభుత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు చాలామంది, ప్రభుత్వం జనం మీద వేసిన బాంబుల పేరుతో, ఆ జట్టుని బ్యారెల్ బాంబుల జట్టు అనేవాళ్లు. 2012లో ఆ జెండా పట్టుకున్నవాడు 2017లో మళ్లీ ఆ చొక్కా ఎందుకు వేసుకున్నాడని అడుగుతాడు. అతని బాధ నిజమైనది, కొట్టిపారేయను. కానీ నేను ఒప్పుకోలేదు. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. 28 ఏళ్ల మనిషి, ఆట ఇంకో నాలుగైదేళ్లకి మించి మిగలదని తెలిసినవాడు, తన ఊరి జనం కోసం ఒక్కసారి ఆడాలనుకుంటే దాన్ని ద్రోహం అనలేను. తప్పు అతన్ని ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోమన్న వాళ్లది. సలూన్ అతను తల అడ్డంగా ఊపాడు. డబ్బులు మాత్రం ఎప్పటిలాగే తక్కువ తీసుకున్నాడు.

మలక్కాలో ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్‌లో సమం చేసిన పెనాల్టీ సోమాదే, 85వ నిమిషంలో. సిడ్నీలో ఆరో నిమిషంలోనే గోల్ కొట్టిందీ అతనే. టిమ్ కాహిల్ రెండు తలతో కొట్టి ఆటను లాక్కున్నాడు, రెండోది 109వ నిమిషంలో. అప్పటికే సిరియా పదిమందితో ఆడుతోంది, మవాస్‌కి ఎర్రకార్డు పడింది. మొత్తం ఆ ప్లేఆఫ్‌లో సిరియా కొట్టిన రెండు గోల్స్ సోమావే. ఆఖరి ఫ్రీ కిక్ కూడా అతనే కొట్టాలి, ఇంకెవరు కొడతారు? ఆ ఏడాది ఆసియా ఉత్తమ ఆటగాడి అవార్డుకి చివరి ముగ్గురిలో ఇద్దరు సిరియన్లు, సోమా, ఒమర్ ఖ్రిబిన్. ఖ్రిబిన్‌కి వచ్చింది. ఆ రెండు పేర్లూ ఒకే జట్టులో నాలుగేళ్ల ముందునుంచే ఉండుంటే!

ఖ్రిబిన్ పేరు మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2024 జనవరి 23న ఖతర్‌లో ఆసియా కప్‌లో మన ఇండియా మీద 76వ నిమిషంలో గోల్ కొట్టింది అతనే. దాంతో సిరియా మొదటిసారి నాకౌట్‌కి పోయింది, మనం ఇంటికి. అదే సెప్టెంబర్‌లో సిరియా హైదరాబాద్ వచ్చి గచ్చిబౌలిలో మనల్ని 3-0తో ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఎత్తుకెళ్లింది. గుండెలో కలుక్కుమన్నా, ఆ జట్టు మీద నాకు కోపం రాదు.

పిల్లాడు చెమటతో, దుమ్ముతో వచ్చి కూర్చున్నాడు. దారిలో జెద్దా గోల్స్ వీడియో పెట్టి ఇచ్చాను, 27 కొట్టిన సీజన్‌ది. ఇల్లు వచ్చేదాకా తల ఎత్తలేదు. "ఇన్ని కొట్టాడా? మరి సిరియాకి ఎందుకు ఆడలేదు?" అన్నాడు. పన్నెండేళ్లవాడికి ఎంత చెప్పాలో అంతే చెప్పాను, జెండా సంగతి కూడా.

2024 డిసెంబర్‌లో డమాస్కస్‌లో ప్రభుత్వం పడిపోయాక సోమా కువైట్‌లో పట్టుకున్న ఆ మూడు నక్షత్రాల జెండాయే దేశం జెండా అయింది. 2025 మార్చి 25న సౌదీలో పాకిస్తాన్‌తో మ్యాచ్. సిరియా 2-0తో గెలిచింది, రెండో గోల్ సోమాది. రెండు రోజుల ముందే అతనికి 36 నిండాయి. ఆ గోల్ చూసి ఆనందపడ్డాను, కానీ పాతికేళ్లప్పుడు, కాళ్లు అంత వేగంగా ఉన్నప్పుడు, ఆ జెండా కింద ఎన్ని కొట్టేవాడో అని లెక్కేయకుండా ఉండలేకపోయాను. ఆ గోల్స్ సిరియా జనానికి ఎవరూ బాకీ తీర్చలేరు.

రేపు తెల్లవారుజామున బాబాని, ఇంటి యజమానిని, ఎయిర్‌పోర్ట్‌లో దింపాలి. అలారం పెట్టాను.