పునాది పోయించడం: నా అనుభవం

మా కొత్త భవనానికి పునాది గుంతలు తవ్వుతున్నన్ని రోజులూ నేను పని దగ్గరే ఉన్నాను. ఒకసారి కాంక్రీటు పడిందంటే అడుగున ఏముందో ఎవరూ చూడలేరు కాబట్టి, చూడవలసినదంతా ముందే చూసుకోవాలని నా ఉద్దేశం.

ముగ్గు పోసే పని, అంటే తవ్వవలసిన గుంతల హద్దులు నేలమీద గీయడం, త్వరగానే అయింది. భుజాలు 3, 4, 5 పాళ్లలో ఉంటే మూల లంబకోణమవుతుందనే 3-4-5 లెక్కతో మూలలు సరిచూసి, ఎదురెదురు మూలల మధ్య కొలతలు రెండూ సమానమయ్యాకే సున్నం చల్లారు. తవ్వకం మాత్రం అంత సులువుగా సాగలేదు. మిషను పళ్లు అడుగు నేలను గుల్ల చేస్తాయని, చివరి జానెడు లోతును ఇంజనీరు గారు మనుషుల చేతనే తవ్వించారు. ఒక మూల గుంతలో గడ్డపార సులువుగా దిగిపోవడం, మట్టిలో ఇటుక ముక్కలు కనిపించడం చూసి, అది ఎప్పుడో పూడ్చిన చోటని తేలింది. మళ్లీ మట్టి నింపి దిమ్మిస కొడితే చాలునని మేస్త్రీ అన్నాడు. ఒక ఫుటింగు (పిల్లరు అడుగున పోసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మె) మిగతావాటికంటే ఎక్కువ కుంగితే పై గోడలు పగులుతాయని చెప్పి, ఇంజనీరు గారు గట్టి నేల తగిలేదాకా తవ్వించి, ఎక్కువైన లోతును పీసీసీతోనే (ఊచలు లేని సాదా కాంక్రీటుతోనే) నింపించారు. ఖర్చు పెరిగినా నాకు ఆ నిర్ణయమే సబబనిపించింది.

మిగతా గుంతల్లో 100 మిల్లీమీటర్ల మందాన పీసీసీ బెడ్డు వేసి, దానిమీద పిల్లర్ల సెంటర్లు గీసి, ఊచల జాలీ పరిచారు. జాలీ కింద కొన్నిచోట్ల ఇటుక ముక్కలు పెట్టి ఉండటం చూసి, వాటిని తీయించి, ఊచలను అడుగుకు ఎడంగా నిలిపే 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు పెట్టించాను. ఇటుక నీళ్లు పీలుస్తుంది, ఆ తేమ ఊచకు చేరితే తుప్పు మొదలవుతుంది. కాంక్రీటుకు అచ్చుగా నిలిపే షట్టరింగు పలకలకు నూనె రాసే పనిని ఊచలు దించకముందే ముగించారు. ఊచలకు నూనె అంటితే కాంక్రీటు వాటిని పట్టుకోదు. పలకల సందులనుంచి సిమెంటు పాలు కారిపోతే అక్కడ తేనెతుట్టెలా బొరియలు మిగులుతాయి కాబట్టి సందులన్నీ మూయించారు.

పోసే రోజు అసలు వాదన నీళ్ల గురించే వచ్చింది. మాలు (కలిపిన కాంక్రీటు) గట్టిగా ఉంది, కాస్త నీళ్లు కలిపితే తేలిగ్గా పారుతుందని కూలీలు అడిగారు. అడిగినవారి కష్టం నాకు అర్థమైంది గానీ, అదనంగా కలిపిన నీళ్లు ఆరిపోయాక వదిలిన ఖాళీలే కాంక్రీటు బలాన్ని తగ్గిస్తాయి. తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంపు పరీక్షలో కొలత సరిగ్గానే వచ్చింది గనుక చుక్క నీరు కూడా కలపనివ్వలేదు. పొరలు పొరలుగా పోస్తూ, మాలును అదిరించి గాలిని బయటకు పంపే వైబ్రేటరును నిలువుగా చప్పున దించి, బుడగలు రావడం తగ్గాక మెల్లగా పైకి తీశారు. దానితో మాలును పక్కకు నెట్టడానికి చూసినవారిని ఇంజనీరు గారు వెంటనే ఆపారు. అలా నెడితే కంకర ఒకచోట, సిమెంటు పాలు మరొకచోట చేరతాయి. అదే మాలుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయించి, 7వ రోజు కొన్నింటిని, 28వ రోజు మిగిలినవాటిని బలం పరీక్షకు పంపించారు.

ఆ తర్వాత ఫుటింగులమీద గోనెసంచులు కప్పి వారానికి పైగా తడి ఆరనివ్వలేదు. గుంతలు పూడ్చేటప్పుడు చెత్త, పెద్ద రాళ్లు ఏరివేయించి, పిల్లరు చుట్టూ అన్ని వైపులా ఒకే ఎత్తులో మట్టిని పలుచని పొరలుగా నింపి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాము. నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింతు బీముల సెంట్రింగు (అచ్చుపలకల పని) ఆ మట్టిమీదే మొదలైంది.