ఎంఆర్‌సీపీలో నల్లచుక్క: నా అనుభవం

గాల్ బ్లాడర్‌లో, అంటే పసరు సంచిలో, రాళ్లున్నాయని అల్ట్రాసౌండ్‌లోనే తేలిపోయింది. దానికి నేనేం కంగారు పడలేదు. మా అమ్మకీ, పెద్దమ్మకీ ఉండేవి, ఇద్దరికీ తీసేశారు. నన్ను ఇబ్బంది పెట్టింది రిపోర్ట్ చివర్లో ఉన్న ఇంకో వాక్యం. కాలేయం నుంచి పేగులోకి పసరు (పైత్యరసం) తీసుకెళ్లే పెద్ద గొట్టాన్ని డాక్టర్లు సీబీడీ అంటారు. అది నాకు 8 మిల్లీమీటర్లు ఉందట. మామూలుగా 6 దాకా ఉంటుంది. గ్యాస్ అడ్డం రావడం వల్ల గొట్టం కింది భాగం కనబడలేదని కూడా రాశారు. రక్తపరీక్షలో కామెర్లకి చూసే బిలిరుబిన్ 1.9 వచ్చింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా ఎక్కువే.

మా హనుమకొండలోని సర్జన్ గారు అవన్నీ చూసి, "సంచి తీయడం పెద్ద పని కాదమ్మా. గొట్టంలో రాయి ఉండిపోతేనే గొడవ. సంచి తీసేశాక కూడా కామెర్లు రావచ్చు, పాంక్రియాస్ వాయొచ్చు. ముందు గొట్టం సంగతి తేలాలి" అన్నారు.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట: హైదరాబాద్ వెళ్లి ఈఆర్‌సీపీ చేయించేసుకో. అక్కడి జీర్ణకోశ వైద్యులు డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారి పుణ్యమా అని మన దగ్గర ఈ మాట తెలియని వాళ్లు తక్కువ. అందులో నోట్లోంచి ఎండోస్కోప్ పంపి, పేగులోకి తెరుచుకునే గొట్టం మూతి దగ్గర చిన్న కోత పెట్టి, రాయిని లాగేస్తారు. రాయి ఉందని తెలిస్తే అంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ ఉందో లేదో చూడటానికి మాత్రమే అది చేయకూడదని సర్జన్ గారు గట్టిగా చెప్పారు. ఆ పరీక్ష వల్లే నూటికి కొద్దిమందికి పాంక్రియాస్ వాస్తుందట. బిలిరుబిన్ 4 దాటి, గొట్టం కూడా వెడల్పయితే, లేదా స్కాన్‌లో రాయి స్పష్టంగా కనిపిస్తే, లేదా గొట్టంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరం, కామెర్లు ఉంటే నేరుగా వెళ్లొచ్చు. నాలాంటి మధ్యరకం కేసులకి ముందు ఎంఆర్‌సీపీ గానీ, ఎండోస్కోపీతో చేసే అల్ట్రాసౌండ్ గానీ చేయాలి. నేను మొదటిది ఎంచుకున్నాను. గొంతులోకి ఏదీ పంపరన్నదే అసలు కారణం.

ఎంఆర్‌సీపీ అంటే ఎంఆర్‌ఐ మిషన్‌లోనే పసరు గొట్టాల కోసం తీసే బొమ్మలు. పరగడుపున రమ్మన్నారు. తింటే సంచి ముడుచుకుని పసరుని బయటికి తోసేస్తుంది, పొట్టలో నీళ్లు కూడా బొమ్మకి అడ్డొస్తాయి. అలాంటిది, హైదరాబాద్‌లో స్కాన్‌కి ముందు చేతికి గ్లాసుడు పైనాపిల్ జ్యూస్ ఇచ్చారు! పరగడుపని చెప్పి ఇదేంటని మా చెల్లెలు సిస్టర్‌తో వాదనకి దిగింది. అందులో ఉండే మాంగనీస్ వల్ల పొట్టలో, పేగులో ఉన్న నీళ్లు బొమ్మలో నల్లబడిపోతాయట, అప్పుడు వెనకున్న గొట్టం తెల్లగా తేలుతుందట. మెట్టెలు, నల్లపూసలు, పిన్నులు అన్నీ తీయించారు. మెట్టెలు ఓ పట్టాన రాలేదు.

లోపల చప్పుడు గురించి అందరూ చెబుతారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఊపిరి సంగతి మాత్రం ఎవరూ ముందే చెప్పలేదు. "గాలి పీల్చండమ్మా, వదలండి, పూర్తిగా వదిలేసి ఆపండి" అంటారు. పీల్చి ఆపడం తేలిక. వదిలేసి పదిహేను, ఇరవై సెకన్లు ఆపడం కష్టం. ముందు రోజు ఇంట్లో రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేసుకుంటే బాగుంటుంది.

స్కాన్ అయిపోయిందనుకుంటుంటే మళ్లీ కొన్ని బొమ్మలు తీయాలన్నారు. ఆ తర్వాత రేడియాలజిస్టు మేడమ్ నన్నూ, చెల్లెల్నీ లోపలికి పిలిచి స్క్రీన్ చూపించారు. అంత ఓపిగ్గా చూపించిన డాక్టర్ని నేను అంతకుముందు చూడలేదు. చీకట్లో తెల్లటి కొమ్మల్లా పసరు గొట్టాలు, పక్కన సంచి, సంచి అడుగున నల్లగా రాళ్లు. పెద్ద గొట్టాన్ని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలో, తెల్లటి గుండ్రంలో ఒక నల్లచుక్క ఉంది. నాకు గుండె జారిపోయింది.

"రాయి అయితే మీరు వెల్లకిలా పడుకున్నప్పుడు బరువుకి వీపు వైపు దిగుతుంది. గాలిబుడగ అయితే పైకి తేలుతుంది. ఇది సరిగ్గా మధ్యలో ఉంది, నిలువుగా తీసిన బొమ్మల్లో లేదు. పసరు కదులుతుంటే ఇలా నల్లబడుతుంది" అన్నారావిడ. నిలకడగా ఉన్న ద్రవమే ఈ పద్ధతిలో తెల్లగా వస్తుందట. పారుతున్న పసరు కొన్నిసార్లు లేని రాయిని చూపిస్తుందన్నమాట!

మరి కదులుతోందంటే దారి బాగానే ఉన్నట్టు కదా అని అడిగాను. అంత మాట అనలేమన్నారు. "నిండుగా ఉన్న కాలువ ఫోటో చూసి కింద తూము తెరిచే ఉందని చెప్పలేం కదమ్మా. పసరు ఎక్కడ ఉందో ఇది చూపిస్తుంది. చివరిదాకా పోతోందా అనేదానికి ఇంకో రకం పరీక్ష ఉంది" అన్నారు. పైగా అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఇందులో తప్పిపోవచ్చట. నా సంచిలో ఉన్నవన్నీ ఆ సైజువే. సర్జన్ గారితో ఫోన్‌లో మాట్లాడి, ఆ ఇంకో రకం పరీక్ష కూడా చేద్దామన్నారు. అందరికీ ఇది అక్కర్లేదని, రిపోర్టులు ఒకదానికొకటి కలవనప్పుడు పనికొస్తుందని కూడా చెప్పారు.

ఎంఆర్‌ఐ మిషన్‌లోనే చేసే ఆ పరీక్షకి వేరే రోజు వెళ్లాం. గాడోక్సెటిక్ యాసిడ్ అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. కిడ్నీల కోసం ముందే క్రియాటినిన్ చూశారు. మందు ఆరేడు మిల్లీలీటర్లే, ఖరీదు మాత్రం స్కాన్‌తో పోటీ పడింది. మామూలు ఎంఆర్‌ఐ మందు కిడ్నీల గుండానే పోతుంది. ఇది దాదాపు సగం కాలేయంలోకి వెళ్లి, పసరుతో కలిసి గొట్టంలోకి దిగుతుంది. బిలిరుబిన్ బాగా ఎక్కువుంటే కాలేయం దీన్ని సరిగ్గా తీసుకోదు, బొమ్మ మసకగా వస్తుంది. నాకు తక్కువే కాబట్టి ఫరవాలేదన్నారు. ఈసారి జ్యూస్ ఇవ్వలేదు. ఈ రకం బొమ్మల్లో మందు తెల్లగా కనిపిస్తుంది, పైనాపిల్ జ్యూస్ కూడా తెల్లగానే కనిపిస్తుంది. ఇక పేగులోకి వచ్చింది మందో జ్యూసో తెలిసేదెలా? ఆ జవాబు వినగానే మా చెల్లెలు చల్లబడింది.

ఇరవై నిమిషాలకి తీసిన బొమ్మలో కాలేయమంతా వెలిగింది, గొట్టం నిండింది, కొంచెం మందు సంచిలోకి కూడా వెళ్లింది. అంటే సంచి మూతి మూసుకుపోలేదు. పేగులో మాత్రం ఏమీ లేదు. బయట కూర్చోమన్నారు, కాసేపు నడవమన్నారు. మొత్తం ప్రయాణంలో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ కాసేపే. ఈఆర్‌సీపీకి ఎవరు తోడు రావాలి, పిల్లాడి పరీక్షలు ఎప్పుడు అని లెక్కలు వేసుకుంటూ తిరిగాను. పరగడుపున గొట్టం చివరి కండరం బిగుసుకునే ఉంటుందని, కొందరికి ఆలస్యం అవుతుందని టెక్నీషియన్ బాబు చెప్పాడు గానీ, అది ఓదార్పో నిజమో నాకప్పుడు అర్థం కాలేదు. గంట కావస్తుండగా మళ్లీ తీశారు. పేగు మొదట్లో తెల్లగా మందు కనబడింది. గొట్టంలో ఎక్కడా అడ్డు లేదు.

అదే రోజు చేసిన రక్తపరీక్షలో బిలిరుబిన్ 1 లోపుకి దిగింది. బహుశా ఒక చిన్న రాయి జారి దానంతటదే పేగులోకి వెళ్లిపోయి ఉంటుందని, గొట్టం అందుకే వెడల్పయి ఉంటుందని సర్జన్ గారు అన్నారు. ఈఆర్‌సీపీ లేకుండా లాపరోస్కోపీతో సంచి తీసేశారు. అయినా ఎంఆర్‌ఐ మాట మీదే వదిలేయకుండా, ఆపరేషన్ టేబుల్ మీదే గొట్టంలోకి మందు పంపి ఎక్స్‌రే తీశారు. అందులోనూ ఏమీ లేదు.

రెండు స్కాన్ల సీడీలు, ఫిల్ములు దాచుకున్నాను. సంచి తీసేశాక గొట్టం కాస్త వెడల్పుగానే ఉండిపోవచ్చట. మొన్న వేరే పని మీద అల్ట్రాసౌండ్ చేయిస్తే సీబీడీ 7 అని రాసి, వెంటనే ఎంఆర్‌సీపీ చేయించమన్నారు. పాత సీడీ, కొత్త రక్తపరీక్ష పట్టుకెళ్లి సర్జన్ గారికి చూపించాను. ఇప్పుడు అక్కర్లేదన్నారు.