ఘాట్ ఎక్కకముందు ఆయిల్ పంచాయితీ

కొండ మీద మేం చూసింది పొగమంచే. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ ట్రిప్పులో నాకు బాగా గుర్తుండిపోయింది ఘాట్ మొదలయ్యే ముందు ఒక మెకానిక్ షెడ్డు దగ్గర జరిగిన గొడవ.

నేను బైకు మీద, అక్కాబావలు కారులో. చైన్ వదులైందని ఆగాను. దాన్ని క్షణాల్లో బిగించేసిన కుర్రాడు, అడక్కుండానే ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి నా ముఖం ముందు పెట్టాడు. "చూడన్నా, ఎంత నల్లగా ఉందో! లెవెల్ కూడా తగ్గింది. ఇలాగే ఘాట్ ఎక్కితే ఇంజిన్ పోద్ది."

నాకు ఒళ్లు మండింది. బయల్దేరే ముందే మార్పించిన ఆయిల్ అది. నల్లబడినంత మాత్రాన పాడైపోయినట్టు కాదు. ఇంజిన్‌లోని మసిని గోడలకు అంటనీయకుండా తనలో కలుపుకోవడం కూడా ఆయిల్ చేసే పనే. డీజిల్ బండ్లలో అయితే కొత్తది పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. పాలు కలిపినట్టు తెల్లగా మారినా, అందులో ఇనప రజను మెరిసినా అప్పుడు భయపడాలి. పైగా అతను లెవెల్ చూసింది బండి సైడ్ స్టాండ్ మీద ఉండగా! నిటారుగా నిలబెట్టి చూస్తే రెండు గీతల మధ్యే ఉంది.

అయినా వదలకుండా కార్లకు పోసే డబ్బా ఒకటి తెచ్చాడు. చాలా బైకుల్లో ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి తిరుగుతాయి. ఇంధనం ఆదా అవ్వాలని కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, వాటితో క్లచ్ జారిపోవచ్చు. అందుకే బైకు ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అనో, ఎంఏ2 అనో (ఇలాంటి క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే జపాన్ ప్రమాణం గుర్తులు) ఉందా అని చూసుకుంటాం. ఆ మాటంటే "అన్నీ ఒకటేలే అన్నా" అన్నాడు.

పక్కనే టైరుకు పంక్చర్ వేయించుకుంటున్న లారీ డ్రైవర్ ఒకాయన ఇదంతా వింటున్నాడు. వయసు మళ్లిన మనిషి. నా బైకు సంగతి వదిలేసి, నేరుగా బావను అడిగాడు: "మీ కారుకి ఎప్పుడు మార్చారు బాబూ?"

"దానికి అప్పుడే ఎందుకండీ? నాలుగు వేలు కూడా తిరగలేదు."

"తిరిగింది కాదు, ఎన్నాళ్లైందని అడుగుతున్నా."

బావ నోరు మెదపలేదు. "పోయిన ఏడాది కంటే ముందే," అంది అక్క. పెద్దాయన నవ్వాడు.

ఈ కాలపు కార్లకు చాలా కంపెనీలు పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. బావ మొదటి ముక్కే పట్టుకున్నాడు. ఆయన కారు రోజూ వెళ్లేది పిల్లల బడి దాకా, అక్కణ్నుంచి వెనక్కి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు. దాంతో కాలని పెట్రోలు, నీటి చెమ్మ ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. హైవే మీద వేలకు వేలు తిరిగే కారు కంటే ఇలాంటి బండిలోనే ఆయిల్ త్వరగా చెడుతుంది.

బావ అక్కడికక్కడే మార్పిస్తానన్నాడు. ఫిల్టర్ లేదన్నాడు కుర్రాడు. పాత ఫిల్టర్‌తో కొత్త ఆయిల్ ఎందుకని నేను ఆపాను. డిప్‌స్టిక్ చూశాం, లెవెల్ ఉంది. దిగి వచ్చాక టౌన్‌లో రెండూ మార్పించాడు.

పెద్దాయన చెప్పిన ఒక్క మాట నాకు నచ్చలేదు: ఏ బండికైనా మూడు వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చేయాలట. అది పాత ఇంజిన్ల లెక్క. మినరల్ ఆయిల్‌తో (ముడి చమురును శుద్ధి చేసి తీసే మామూలు రకం) నడిచే చిన్న బైకుకు ఇప్పటికీ దాదాపు అంతే కావచ్చు. లీటరు ఆయిల్‌తో, కారు కంటే ఎక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), గేర్ల నలుగుడు కూడా భరిస్తూ తిరగాలి కాబట్టి. ఎక్కువ కాలం మన్నేలా రసాయనికంగా తయారుచేసిన ఫుల్ సింథటిక్ ఆయిల్ పోసే కారుకు మాత్రం అది దండగే. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంతుంటే అంత. అదే పుస్తకంలో దుమ్ము రోడ్లకూ, బరువుతో కొండలెక్కడానికీ, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడపడానికీ తక్కువ గడువు విడిగా రాసి ఉంటుంది, ఆ పేజీ చాలామంది చూడరు. ఘాట్ మొత్తం ఫస్టు, సెకండు గేర్లలోనే ఎక్కాను కాబట్టి, ఈసారి నా బైకుకు ఆ గడువే.