పెనం, బజ్జీ, అమ్మ చెప్పు

ఆదివారం కదా అని తీరిగ్గా అట్లు వేస్తుంటే మా అమ్మాయి లోపల్నుంచి కేకేసింది, నేను అటు తిరిగాను, చూపుడు వేలు పెనం అంచుకు తగిలింది. చురుక్కుమంది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అసలు మంట మాత్రం కుళాయి దగ్గరికి చేరాక మొదలైంది, భగభగమని.

"కాలింది ఒక్కసారే, నొప్పి రెండుసార్లు పుట్టిందేమిటే?" అన్నాను. అది ఇంటర్ బైపీసీ. దొరికిందే సందు అని మొదలుపెట్టింది. నొప్పి కబురు మోసే నరాలు రెండు రకాలట. ఒక రకం సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతాయి, ఆ చురుకు వాటిది. రెండో రకం మరీ సన్నవి, పైన కొవ్వు తొడుగు ఉండదు, సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ నడుస్తాయి. వేలి నుంచి వెన్నుపాము దాకా ఉన్న దూరానికి వాటికి దాదాపు సెకను పడుతుంది. అంటే నేను కుళాయి తిప్పుతున్నప్పుడు వచ్చింది పాత కబురన్నమాట.

మరి వేడి కబురుగా ఎలా మారుతుంది? చర్మంలోకి వచ్చే నరాల కొసల్లో చిన్న చిన్న తలుపుల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. వేడి 43 డిగ్రీలు దాటితే అవి తెరుచుకుంటాయి, బయటున్న సోడియం, కాల్షియం అయాన్లు, అంటే ధనావేశం మోసే అణువులు, లోపలికి తోసుకొస్తాయి. మామూలుగా నరం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. ఆ తేడా తగ్గుతూ తగ్గుతూ ఒక గీత దాటిందా, టప్పున ఒక ప్రచోదనం, అంటే నరం వెంట పరుగెత్తే చిన్న కరెంటు కబురు, బయల్దేరుతుంది. దాటలేదా, ఏమీ లేదు. సగం ప్రచోదనం అంటూ ఉండదు. ఇది నాకు కుక్కర్ విజిల్‌లా అనిపించింది. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే లేదు, మంట పెంచితే విజిల్ గట్టిగా రాదు, గబగబా వస్తుంది. నరం కూడా అంతే, ఎంత కాలిందో చెప్పాలంటే ప్రచోదనాల సంఖ్య పెంచుతుంది. ఏడ్రియన్ అనే ఆయన 1920లలోనే దీన్ని కనిపెట్టి 1932లో నోబెల్ తీసుకున్నాడట. మనకేమో ఇప్పుడు, వేలు కాలాక తెలిసింది.

సాయంత్రం అమ్మని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాం. గాలి జిడ్డుగా ఉంది, జనం కిటకిట. మిరపకాయ బజ్జీ నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. రెండో కొరుకుడుకే నోరు మండిపోయింది, దాని మీద టీ తాగితే ఇంకా ఘోరం. ఇక్కడే నాకు నచ్చిన సంగతి ఉంది. కారంలోని కాప్సైసిన్ తెరిచేది కూడా పొద్దున వేలిలో తెరుచుకున్న ఆ తలుపునే! కారం తగిలాక అది మామూలు వెచ్చదనానికి కూడా తెరుచుకుంటుంది, అందుకే గోరువెచ్చని టీ కూడా కాలినట్టుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఆ తలుపు ఏదో పట్టుకుంది, 2021లో ఆయనకూ, ఒత్తిడిని పసిగట్టే ప్రోటీన్లు కనిపెట్టిన పటాపూటియన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. నాలుక మీద నిప్పేమీ లేదు, కబురు మాత్రం నిప్పు కబురే, మెదడు నమ్మక ఏం చేస్తుంది.

తిరిగి వస్తుంటే అమ్మాయి ఆగి, "అమ్మమ్మా, నీ చెప్పేది?" అంది. చూస్తే అమ్మ ఎడమ కాలికి చెప్పు లేదు. ఇరవై అడుగుల వెనక ఇసుకలో పడి ఉంది.

చెప్పు పట్టీ తొడిగిన కాసేపటికి మనకూ గుర్తుండదు. చర్మం లోతున ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండే, ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలు, నొక్కు మొదలైనప్పుడూ వదిలినప్పుడూ మాత్రమే కబురు పంపి, మధ్యలో ఊరుకుంటాయి. కానీ జారిపోతే తెలియాలి కదా. అమ్మకి పద్దెనిమిదేళ్లుగా షుగరు. షుగరు ముందు పొడుగాటి నరాల కొసలనే తినేస్తుంది, అంటే పాదాలు. కబురు రాకపోతే మెదడు వెళ్లి ఆరా తీయదు, అంతా బానే ఉందనుకుంటుంది.

రెండు నెలల కింద డాక్టరుగారు అమ్మని కళ్లు మూసుకోమని, నైలాన్ దారం ఒకటి అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే దారమట. తగిలితే చెప్పమన్నారు. బొటనవేలు, మడమ, మధ్యలో రెండుచోట్ల అయిపోయాయి. అమ్మ కళ్లు మూసుకునే, "ఇంకా మొదలెట్టలేదేటి బాబూ?" అంది.

ఇంటికొచ్చి కాళ్లు కడిగి టార్చి వేసి చూశాను. ఎడమ అరికాల్లో చిన్న గవ్వ ముక్క దిగి ఉంది, చుట్టూ కాస్త నెత్తురు. పట్టకారుతో తీస్తున్నంతసేపూ అమ్మ సీరియల్ కథ చెబుతూనే ఉంది. మందు రాసి లేస్తూ, కాలిన వేలు చన్నీళ్లలో ముంచి, అదే చెయ్యి ఆమె పిక్క మీద వేశాను.

"అబ్బ, సల్లగుందే, తియ్యి" అంది.