తెల్ల బంతి ఎటు పోతోంది?

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దుటి నుంచి ముసురు పట్టడంతో గడప దాటలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక టీవీలో స్నూకర్ పోటీ ఒకటి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. క్యూ అనే కర్రతో తెల్ల బంతిని కొట్టి, దానితో మిగతా బంతులను బల్ల అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట అది. అరగంటకే తలనొప్పి వచ్చింది, ఆట వల్ల కాదు, మాటల వల్ల. ఎర్ర బంతి పాకెట్‌లో పడిందనీ, ఇక నల్ల బంతికి గురి పెడుతున్నాడనీ, అదీ పడిందనీ ఇద్దరు వ్యాఖ్యాతలు పోటీలు పడి చెబుతున్నారు. అవన్నీ నా కళ్లెదుటే జరుగుతున్నాయి కదా! తీరా చెప్పవలసిన చోటు వచ్చినప్పుడు, అంటే ఆటగాడు కొట్టదగ్గ ఎర్ర బంతిని కావాలనే వదిలేసి, తెల్ల బంతిని బల్ల అవతలి చివర అంచుకుండే కుషన్‌కు ఆనించి వెనక్కి వెళ్లి కూర్చున్నప్పుడు, వాళ్లు నిన్న రాత్రి ఏ హోటల్లో ఏం తిన్నారో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఎందుకు వదిలేశాడో ఆ ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

రేడియోలో క్రికెట్ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు మాటల మీద కోపమేమీ లేదు. రేడియోలో మాట ఆగితే ఆటే కనబడదు. టీవీలో బంతి ఎలాగూ కనబడుతుంది. కనబడనిది ఆటగాడి బుర్రలోని లెక్క. స్నూకర్‌లో ఆ లెక్క మరీ గహనమైనది. పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు బల్ల మీద ఉన్నా, ఆటగాడి చూపంతా కొట్టే బంతి మీద కన్నా, కొట్టాక తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందన్న దాని మీదే ఉంటుంది. 1979లో యూకే ఛాంపియన్‌షిప్ గెలిచి, ఆ తర్వాత బీబీసీ వ్యాఖ్యాత అయిన జాన్ విర్గో, తెల్ల బంతి ఏదో ఒక పాకెట్ వైపు దొర్లడం మొదలుపెట్టగానే “తెల్ల బంతి ఎటు పోతోంది?” అని గాభరాగా అరిచేవాడు. దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆటలో సగం ఆ ప్రశ్నలోనే ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

వ్యాఖ్యాతల్లో నాకు బాగా నచ్చినవాడు మాత్రం క్లైవ్ ఎవర్టన్. ఆయన స్వయంగా బిలియర్డ్స్ ఆడినవాడు, ‘స్నూకర్ సీన్’ పత్రికను దశాబ్దాల పాటు నడిపినవాడు, 2024 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆటగాడు వంగి క్యూ సరిచూసుకునే లోపల ఒకే ఒక్క వాక్యంలో చిక్కు ఎక్కడుందో చెప్పి ఊరుకునేవాడు. అది నిజమో కాదో తేల్చే పని బల్లకే వదిలేసేవాడు. కచేరీలో కీర్తన మంచి పట్టుకు వచ్చినప్పుడు మృదంగ విద్వాంసుడు చేయి ఆపడం కూడా వాయించడంలో భాగమే కదా, ఇదీ అలాంటిదే.

2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ స్నూకర్ పోటీ మా విశాఖపట్నంలోనే జరిగింది. జాన్ హిగిన్స్ గెలిచిన ఆ పోటీకి నేనూ ఒక రోజు వెళ్లాను. నా చెవికి వ్యాఖ్యానమేదీ అందలేదు. ఏసీ హోరు, బంతులు తగులుకునే టకటకలు, అంతే. బంతిని పాకెట్‌లో వేయడానికి కాక, అవతలివాడికి అవకాశం దక్కకుండా కొట్టే సేఫ్టీ షాట్ల దగ్గర నేను తెల్లమొహం వేసుకుని చూస్తుంటే, పక్క కుర్చీలోని పెద్దాయన చేయి అడ్డం పెట్టుకుని “తెల్ల బంతిని గోధుమరంగు బంతి వెనక దాస్తాడు, చూడండి” అన్నారు. అలాగే దాచాడు. డబ్బులు తీసుకుని మాట్లాడేవాళ్ల దగ్గర కూడా అంత పొదుపైన వ్యాఖ్యానం అరుదుగా విన్నాను.

మధ్యాహ్నపు విసుగు పోవడానికి రాత్రి 1985 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లోని చివరి ఫ్రేమ్ (స్నూకర్‌లో ఒక విడత ఆట) పాత రికార్డింగు పెట్టాను. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్, స్టీవ్ డేవిస్, డెనిస్ టేలర్, చెరి పదిహేడు ఫ్రేములు. వంటింటి పని ముగించుకుని వచ్చిన మా ఆవిడ రెండు నిమిషాలు విని, “ఏమండీ, ఆయనెందుకలా గుసగుసలాడుతున్నాడు? అక్కడ పసిపిల్లలెవరైనా పడుకున్నారా?” అని అడిగింది.

ఆ గొంతు టెడ్ లో అనే బీబీసీ వ్యాఖ్యాతదని చెప్పాను. లండన్ లీసెస్టర్ స్క్వేర్ హాలులో ఆయన వ్యాఖ్యానం మొదలుపెట్టిన రోజుల్లో వ్యాఖ్యాతకు వేరే గది లేక ప్రేక్షకుల మధ్యే కూర్చోవలసి వచ్చింది. గట్టిగా మాట్లాడితే ఆటగాడికి వినబడుతుంది కాబట్టి గొంతు తగ్గించాడు, ఆ తర్వాత అదే ఆయన గుర్తు అయిపోయింది. రంగుల టీవీ కొత్తగా వచ్చిన కాలంలో, 1969లో బీబీసీ ‘పాట్ బ్లాక్’ కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ గుసగుస ఇంటింటికీ చేరింది. బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూస్తున్నవారి సౌకర్యార్థం, గులాబీ బంతి ఆకుపచ్చ బంతి పక్కన ఉందని చెప్పిన ఘనుడు కూడా ఆయనే. మా ఆవిడ అన్నిటి కంటే దీనికే ఎక్కువ నవ్వింది.

ఆ ఉత్సాహంలో నేను మరో వ్యాఖ్యాత జాక్ కార్నమ్ సంగతి కూడా ఎత్తుకున్నాను. 1983లో ఆటగాడు క్లిఫ్ థోర్బర్న్ క్రూసిబుల్‌లో మొట్టమొదటి 147 (బల్ల మీది బంతులన్నీ ఒకే ఊపులో వేసి తెచ్చుకునే గరిష్ఠ స్కోరు) పూర్తి చేయడానికి చివరి నల్ల బంతి ముందు నిలబడ్డప్పుడు, కార్నమ్ లెక్కలూ చరిత్రా ఏమీ చెప్పకుండా “గుడ్ లక్, మేట్” అని మాత్రం అన్నాడు. అవతలివాడికి వినబడదని తెలిసీ మిత్రుడితో అన్నట్టే అన్నాడు.

ఈలోగా తెర మీద డేవిస్ 62, టేలర్ 44, మిగిలినవి నాలుగు బంతులు. టేలర్ గోధుమరంగు, నీలం, గులాబీ వరుసగా వేసి 59కి వచ్చాడు. ఇక నల్ల బంతి వేసినవాడిదే కప్పు. డేవిస్ మొదట్లో ఎనిమిది ఫ్రేములు వరుసగా గెలిచాడనీ, బ్రిటన్‌లో కోటీ ఎనభై అయిదు లక్షల మంది అర్ధరాత్రి దాటినా టీవీల ముందు నుంచి లేవలేదనీ, నల్ల బంతి ఎంత సన్నంగా తగలాలనీ నేను మంచి ఊపులో చెప్పుకుపోతున్నాను.

“మీరు కాసేపు ఊరుకోండి, కొడుతున్నాడు” అంది మా ఆవిడ.

డేవిస్ వంగాడు. నల్ల బంతి మరీ సన్నంగా తెగి పాకెట్‌లో పడకుండా తప్పిపోయింది. వ్యాఖ్యాత టెడ్ లో నోటి నుంచి “నో!” అన్న ఒక్క ముక్క వెలువడింది, ఈసారి గుసగుసలా కాదు. టేలర్ ఆ బంతిని వేసి, క్యూను రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాక గానీ నేను మళ్లీ నోరు తెరవలేదు.