తణ్ణి వరుదు

మద్రాసులో 2003, 2004 నాటి నీళ్ళ కరువు చూసినవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ట్రిప్లికేన్ సందుల్లో ఎవరైనా "తణ్ణి వరుదు" అని కేకేశారంటే మెట్రో వాటర్ లారీ మలుపు తిరిగిందని అర్థం. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బిందె పట్టుకుని పరుగెత్తాలి. నేను తమిళంలో మొట్టమొదట నేర్చుకున్న వాక్యం అదే. ఆకలేసినా, జ్వరమొచ్చినా తెలుగులోనో సైగలతోనో నెట్టుకురావచ్చు గానీ, నీళ్ళొచ్చాయన్న మాట అర్థం కాకపోతే ఆ రోజుకి స్నానం లేదు.

పెరియమేట్‌లో తోళ్ళు ఎగుమతి చేసే ఓ చిన్న ఆఫీసులో అకౌంట్స్ రాసేవాణ్ణి. ఉండేది ట్రిప్లికేన్‌లో, బ్యాచిలర్ మ్యాన్షన్‌లో. గదికి ముగ్గురం, వరండా చివర అందరికీ కలిపి రెండు బాత్రూములు. నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్ళు చాలామందే ఉండేవారు. మాది దివిసీమ. కృష్ణ సముద్రంలో కలిసే చోటు నుంచి వచ్చి, తెలుగుగంగ కాలవలో కృష్ణ నీళ్ళు ఎప్పుడొస్తాయా అని మద్రాసులో ఎదురుచూశానన్నమాట.

2004 డిసెంబరు 26, ఆదివారం. మామూలుగా ఆదివారాలు పొద్దున్నే మెరీనాకి నడిచేవాణ్ణి, పావుగంట దూరం. ముందురోజు క్రిస్మస్ అని శాంథోమ్ చర్చి దాకా వెళ్ళి, అర్ధరాత్రి దాటాక వచ్చి పడుకున్నాం. తెల్లారగట్ల మంచం కదిలినట్టయింది. పక్క మంచం మీది ఒంగోలబ్బాయి కాలితో తన్నాడనుకుని, నాలుగు తిట్టి, అటు తిరిగి పడుకున్నాను. సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది మన టైము ప్రకారం 6 గంటల 28 నిమిషాలకి. నేను తిట్టింది దాన్నే అయ్యుండాలి.

మళ్ళీ మెలకువ వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. కింద వీధిలో గోల. "తణ్ణి వరుదు! తణ్ణి వరుదు!"

బిందె తీసుకుని మెట్లు దిగాను.

పైక్రాఫ్ట్స్ రోడ్డు మీద జనం పరుగెత్తుతున్నారు. బీచ్ వైపు నుంచి ఇటు వస్తున్నారు. లారీ అటు ఆగిందేమో, వీళ్ళు అప్పుడే పట్టుకుని వస్తున్నారేమో అనుకున్నాను. చేతుల్లో బిందెల్లేవు, పిల్లలున్నారు. అది కళ్ళకి కనబడుతూనే ఉంది, బుర్రకెక్కలేదు. ఎదురు నడిచాను. ఇరవై అడుగులు వేశానో, ముప్ఫై వేశానో. మా మ్యాన్షన్ వాచ్‌మన్ వచ్చి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "కడల్ తంబీ, కడల్!" అన్నాడు. నా చేతిలో బిందె చూసి ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు.

ఆకాశం నీలంగా ఉంది. ఎండ కాస్తోంది. దీపం పెడితే ఆరని గాలి.

బీచ్ పక్క జాలరి పేటల్లోంచి వచ్చినవాళ్ళు మా మెట్ల మీద కూర్చున్నారు. తడిసిన చీర, జుట్టు నిండా ఇసుకతో ఉన్న ఒక ముసలావిడ నా వైపు చూసి, "కొంజం తణ్ణి" అని చెయ్యి చాపింది. ఖాళీ బిందె మెట్ల మీద పెట్టి, పైకి వెళ్ళి తాగే నీళ్ళ సీసా తెచ్చిచ్చాను. మొదటి గుక్క పుక్కిలించి ఉమ్మేసింది. ఆ తర్వాత సీసా మొత్తం తాగింది.

మెరీనాలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు, వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్ళు కొట్టుకుపోయారని మధ్యాహ్నానికి టీవీలో తెలిసింది. సునామీ అన్న మాట కూడా అప్పుడే విన్నాను. అప్పటిదాకా వీధిలో అందరూ సముద్రం లోపలికొచ్చిందనే చెప్పుకున్నారు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6 వేల మందికి పైగా పోయారని ఆ తర్వాత తేలిన లెక్క. భూకంపానికీ మెరీనాకి అల రావడానికీ మధ్య రెండు గంటల పైచిలుకు టైముంది. ఆలోగా కార్ నికోబార్‌లోని వైమానిక స్థావరాన్ని సముద్రం ముంచేసింది కూడా. ఆ రెండు గంటల్లో మెరీనాలో ఒక్క మైకు మోగినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మన దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో వచ్చింది, హైదరాబాదులో, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో.

మా ఇంట్లో కాలాన్ని ఉప్పెనతో కొలుస్తారు. 1977 నవంబరు 19, శనివారం. పెళ్ళిళ్ళు, చావులు, పొలం కొనడం, గేదె ఈనడం, ఏ సంగతైనా ఉప్పెనకి ముందో, ఉప్పెన తర్వాతో. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10 వేల మంది దాకా పోయిన రాత్రి అది. ఎవరెవరు ఎక్కడున్నారో మాకు కంఠతా వచ్చు. నాన్న తాటిచెట్టు మీద. బాబాయి తుమ్మకంపలో, పొద్దున వెతికితే ఒంటి నిండా ముళ్ళు. అమ్మ పెంకుటింటి అటక మీద, పదకొండు నెలల నన్ను గుండెకి కట్టుకుని. నాయనమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ కథలో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

అందుకే ఆ రోజు నా టెన్షన్ అంతా ఇంటి గురించే. ఆంధ్ర తీరానికీ వచ్చిందన్నారు. పౌర్ణమి స్నానానికి మంగినపూడి వెళ్ళినవాళ్ళు కొట్టుకుపోయారన్నారు. అమ్మ స్నానానికి వెళ్ళి ఉండదని తెలుసు. హంసలదీవి మాకు బస్సెక్కితే గంట, అయినా 1977 తర్వాత ఆవిడ సముద్రం ముఖం చూడలేదు. తెలిసినా మనసు ఊరుకోదు కదా. సెల్‌ఫోన్లు కలవడం లేదు. ఎస్టీడీ బూత్ ముందు క్యూ. మూడింటికి గానీ మా ఎదురింటివాళ్ళ ల్యాండ్‌లైన్ దొరకలేదు. అమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"బాగున్నావా నాన్నా?"

"బాగున్నానమ్మా. ఇక్కడ ఉప్పెనొచ్చింది."

"టీవీలో చెబుతున్నారు. గాలి బాగా ఉందా?"

"గాలి లేదమ్మా."

"వాన?"

"లేదు. ఎండ కాస్తోంది."

కాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందనుకుని హలో హలో అన్నాను.

"గాలీవానా లేకుండా ఉప్పెనేంట్రా," అంది. కోపంగా అంది. అప్పట్లో పగలంతా గాలి హోరెత్తింది, చీకటి పడ్డాక నీళ్ళొచ్చాయి. చెప్పి వచ్చింది ఆ ఉప్పెన. ఇదేమో చెప్పాపెట్టకుండా వచ్చింది, ఆదివారం పూట, పిల్లలు ఆడుకుంటుంటే. ఆవిడ కోపం దానికని నాకు చాలా రోజులకి గానీ తట్టలేదు.

సోమవారం ఆఫీసుకెళ్తే మా ఓనర్ మొదట అడిగింది హార్బర్లో ఉన్న మన కంటైనర్ తడిసిందా, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయని. హార్బర్లో ఓడల మోకులు తెగిపోయాయని అప్పటికే చెప్పుకుంటున్నారు. కాగితాలు వెతికిచ్చాను. నాకూ జీతం కావాలి కదా.

బిందె సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ పెద్ద భూకంపం వచ్చి, మద్రాసు ఆఫీసులన్నీ రోడ్డు మీదికి వచ్చినప్పుడు, చెట్టు కింద నిలబడి పక్కనున్నవాళ్ళకి చెప్పాను. నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మకీ చెప్పాను. అమ్మ నవ్వలేదు. మంచం కదిలితే తిట్టి పడుకున్నానన్న దగ్గరే ఆగిపోయింది.

"ఆ రాత్రి అటక మీద కూడా అంతేరా నువ్వు. నీళ్ళు నడుం దాకా వచ్చినా కళ్ళు తెరవలేదు. ఉన్నావో పోయావో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే తెల్లారింది నాకు," అంది.

ఇప్పుడు ఊళ్ళో ఎవరు అడిగినా చెబుతుందట, మావాడు రెండు ఉప్పెనలకీ నిద్రపోయాడని.